ఎ.సి. గ్యాసుకూ తరుగు లెక్క: భవనాల్లో లీకులపై యంత్రాల నిఘా

మిర్చి బస్తా కోల్డ్ స్టోరేజిలోకి పోయేటప్పుడు తూకం ఉంటుంది, బయటకు వచ్చేటప్పుడు తూకం ఉంటుంది. రెంటి మధ్య పోయినదానికి తరుగు అని పేరు పెట్టి, అది ఎవరి ఖాతాలో పడాలో వర్తకులు ముందుగానే మాట్లాడుకుంటారు. హఫీజ్‌పేట్ రైల్వే స్టేషన్ నుంచి కొండాపూర్, కొత్తగూడల మీదుగా మాదాపూర్ వరకు లేచిన ఆఫీసు భవనాల్లో, ఆస్పత్రుల్లో, దుకాణ సముదాయాల్లో మాత్రం ఒక ఖరీదైన సరకు తరచు తూకం లేకుండానే తరిగిపోతూ ఉంటుంది. అది ఎ.సి. యంత్రాల్లో తిరిగే గ్యాసు.

ఈ సరకు గురించి భవన యజమానుల్లో ఒక అపోహ ఉన్నది. కారుకు పెట్రోలు ఎలాగో ఎ.సి.కి గ్యాసు అలాగని, వాడకంలో అది ఖర్చవుతుందని, ఏటా వేసవికి ముందు కొంత పోయించుకోవడం మామూలేనని అనుకుంటారు. అది నిజం కాదు. ఈ గ్యాసు కాలేది కాదు, అరిగేది కాదు. మూసిన గొట్టాల్లో ఒకచోట ఆవిరిగా, మరొకచోట ద్రవంగా మారుతూ తిరుగుతుంది, అంతే. సిలిండరు తెచ్చి పోయవలసి వచ్చిందంటే అంత బరువూ ఎక్కడో కారిపోయిందని అర్థం. యంత్రం విప్పినప్పుడు పోయేది కొంత ఉంటుంది కాని, ఏటేటా పోసే గ్యాసులో ఎక్కువ భాగం లీకుల పద్దే.

ఆ పద్దు ఎంతో ఒక ఉదాహరణతో చూడవచ్చు. ఒక పెద్ద భవనంలో 400 టన్నుల చిల్లర్లు మూడు ఉన్నాయనుకుందాం. ఇక్కడ టన్ను అంటే బరువు కాదు. ఒక టన్ను మంచు 24 గంటల్లో కరుగుతూ ఎంత వేడిని లాక్కుంటుందో అంత చల్లబరిచే శక్తికి పెట్టిన కొలత. టన్నుకు కిలో చొప్పున వేసుకుంటే మూడు యంత్రాల్లో కలిపి 1200 కిలోల ఆర్-134ఎ గ్యాసు ఉంటుంది. యంత్రం రకాన్ని బట్టి ఇది కొంత హెచ్చుతగ్గుగా ఉండవచ్చు. ఏడాదికి నూటికి 5 వంతులు కారితే 60 కిలోలు, అనగా 13.6 కిలోల సిలిండర్లు నాలుగున్నర. పట్టించుకోకుండా వదిలేసి అది నూటికి 15కు పెరిగితే 180 కిలోలు, పదమూడు సిలిండర్ల పైమాట. దీనికి తోడు గ్యాసు తగ్గిన యంత్రం అదే చల్లదనానికి ఎక్కువ సేపు, ఎక్కువ కరెంటుతో నడుస్తుంది. కరెంటు బిల్లులో ఆ పెరుగుదల విడిగా కనబడదు కనుక ఎవరూ పట్టించుకోరు.

ఇంతవరకు ఈ తరుగును భరించగలిగారంటే సరకు దొరుకుతున్నది కాబట్టే. ముందుముందు ఆ పరిస్థితి ఉండదు.

కోటాల కాలం

ఓజోను పొరను కాపాడడానికి 1987లో కుదిరిన మాంట్రియల్ ఒప్పందానికి 2016 అక్టోబరులో రువాండా రాజధాని కిగాలీలో ఒక సవరణ చేశారు. భారతదేశం దానిని 2021 సెప్టెంబరులో ధ్రువీకరించింది. ఈ సవరణ ప్రకారం ఆర్-134ఎ, ఆర్-410ఎ, ఆర్-32 వంటి హెచ్.ఎఫ్.సి. గ్యాసులకు దేశం మొత్తానికి ఒక గరిష్ఠ పరిమితి వస్తుంది. 2024, 2025, 2026 సంవత్సరాల సగటు వాడకానికి పాత హెచ్.సి.ఎఫ్.సి.ల కోటాలో 65 శాతం కలిపి ఆ పరిమితిని లెక్కకడతారు. 2028 నుంచి అది స్తంభిస్తుంది. 2032లో 10 శాతం, 2037లో 20, 2042లో 30, 2047 నాటికి 85 శాతం చొప్పున కోత పడుతుంది.

వర్తకులు గమనించవలసిన కిటుకు ఇందులో ఒకటున్నది. కోటా కిలోల్లో కాదు, భూమిని వేడెక్కించే శక్తిని బట్టి లెక్కిస్తారు. బొగ్గుపులుసు వాయువుతో పోల్చి కిలో ఆర్-134ఎను 1430 కిలోలుగా, ఆర్-410ఎను 2088గా, ఆర్-32ను 675గా కడతారు. అంటే ఒక టన్ను ఆర్-410ఎకు పట్టే కోటాలో మూడు టన్నుల ఆర్-32 ఇమిడిపోతుంది. పరిమితి బిగిసిన కొద్దీ ఉత్పత్తిదారులు తక్కువ లెక్క పడే గ్యాసుల వైపు మొగ్గడం సహజం. పాత గ్యాసుతో నడిచే యంత్రాలున్న భవనాలకు మాత్రం ఆ మార్పు పనికిరాదు. ఆర్-410ఎ యంత్రంలో ఆర్-32 పోయడానికి వీల్లేదు. ఆర్-32కు స్వల్పంగా మండే గుణం ఉన్నందువల్ల యంత్రం కట్టుబడే వేరుగా ఉంటుంది.

ఆర్-22 సంగతి ఇంకా ముందే బిగుసుకున్నది. హెచ్.సి.ఎఫ్.సి. తరగతికి చెందిన ఈ గ్యాసు కోటా 2025 జనవరి 1 నుంచి మూల పరిమాణంలో 67.5 శాతం తగ్గింది. 2030 తర్వాత పాత యంత్రాల మరమ్మతులకు మాత్రం సగటున రెండున్నర శాతం మిగులుతుంది, అదీ 2040 వరకే. ఈ సరకు ఒకప్పుడు హఫీజ్‌పేట్ మీదుగా పోయే ముంబయి రహదారి పక్కనే తయారయ్యేది. పటాన్‌చెరు దాటాక రుద్రారంలో 1983లో ఏర్పడిన ప్రభుత్వ రంగ సంస్థ హిందుస్థాన్ ఫ్లోరోకార్బన్స్ ఆర్-22ను, దాని నుంచి టెఫ్లాన్ రకం ప్లాస్టిక్‌ను తయారు చేసేది. 2020 జనవరిలో కేంద్ర మంత్రివర్గం ఆ సంస్థ మూసివేతకు ఆమోదం తెలిపింది. దేశంలో ఈ గ్యాసులకు పేరున్న ఉత్పత్తి కేంద్రాలు గుజరాత్‌లో, రాజస్థాన్‌లో ఉన్నాయి. చైనా సరకు విషయానికి వస్తే, ఆర్-32 పైనా, హెచ్.ఎఫ్.సి. మిశ్రమాలపైనా 2021 డిసెంబరులో ఐదేళ్ల కాలానికి డంపింగ్ వ్యతిరేక సుంకం విధించారు.

కోటా బిగిస్తే ధర ఏమవుతుందో యూరప్ ముందే చూసింది. అక్కడ 2015లో మొదలైన కోటా 2018లో ఒక్కసారిగా మూల పరిమాణంలో 63 శాతానికి దిగింది. దానికి ముందు ఏడాదే ఆర్-404ఎ, ఆర్-410ఎ ధరలు పలు రెట్లు ఎగబాకాయి. వెంటనే దొంగ సరకు సరిహద్దులు దాటింది. మన దేశంలో కోత నెమ్మదిగా మొదలవుతుంది కనుక అదే తీరున తేజీ వస్తుందని చెప్పలేం. అయినా 1200 కిలోల గ్యాసు యంత్రాల్లో పెట్టుకున్న యజమాని దానిని ఖర్చుగా కాక నిల్వగా చూసుకోవలసిన రోజులు దగ్గరపడ్డాయని మాత్రం చెప్పవచ్చు. ఏ నిల్వకైనా కాపలా ఉండాలి.

వాసన లేని సరకు

గుంటూరు కోల్డ్ స్టోరేజీలలో వాడే అమ్మోనియా తన లీకును తానే చాటుకుంటుంది. కాస్త కారినా కళ్లు మండుతాయి, ముక్కు పట్టదు, కూలీలు బయటకు పరుగెత్తుతారు. ఎ.సి. భవనాల గ్యాసులకు ఆ గుణం లేదు. రంగు లేదు, చెప్పుకోదగ్గ వాసన లేదు. ఎక్కువ భాగం గాలి కంటె బరువైనవి కనుక నేలబారున చేరి, మెట్ల గుంటల్లో, కేబుల్ కాలువల్లో, సెల్లారు మూలల్లో నిలుస్తాయి. మనిషి ముక్కు చేయలేని పనిని సెన్సార్లు చేయాలి.

కేంద్రీకృత నిఘా అంటే ఈ సెన్సార్లన్నింటినీ ఒకే కంట్రోలు ప్యానెల్‌కు కలపడం. చిల్లర్లుండే ప్లాంటు రూములో నేలకు సుమారు అడుగు ఎత్తున, కంప్రెసర్ల పక్కన, వాల్వుల గుంపు దగ్గర, గాలి చివరకు చేరే మూలన వీటిని బిగిస్తారు. అమ్మోనియా అయితే ఇందుకు తలకిందులు. అది గాలి కంటె తేలిక కనుక సెన్సారు కప్పు దగ్గర ఉండాలి. మరో పద్ధతిలో సెన్సార్లకు బదులు సన్నని గొట్టాలు వేసి, ఒక్కో చోటి గాలిని వంతులవారీగా ఒకే పరీక్ష యంత్రానికి లాగుతారు. పరీక్ష యంత్రం ఖరీదైనా ఒక్కటే కావడం వల్ల సరిచూడడం తేలిక. అయితే గొట్టం పొడుగైన కొద్దీ, వంతు వచ్చేవరకు ఆగవలసిన కొద్దీ, లీకు కబురు ఆలస్యమవుతుంది.

ప్యానెల్ రెండు మూడు అంచెలుగా పని చేస్తుంది. మొదటి అంచెలో గ్యాసు జాడ కనబడితే నిర్వహణ గదిలో దీపం వెలుగుతుంది, మెకానిక్ వెళ్లి చూస్తాడు. రెండో అంచెలో గంట మోగుతుంది, ఎగ్జాస్టు ఫ్యాను పూర్తి వేగంతో తిరుగుతుంది. గంట ప్లాంటు రూము లోపలా, తలుపు బయటా కూడా మోగాలి. లోపలికి అడుగు పెట్టబోయేవాడికి ముందే తెలియాలి గదా. పైఅంచెలో యంత్రం ఆగుతుంది లేదా వాల్వులు మూసుకుంటాయి. ఆర్-134ఎ, ఆర్-410ఎ, ఆర్-32లకు పనివేళంతా మనిషి పీల్చగల హద్దు గాలిలో పది లక్షల వంతులకు 1000 వంతులు. పాత పెద్ద చిల్లర్లలో వాడే ఆర్-123కు ఆ హద్దు 50 మాత్రమే. అందువల్ల ఒకే అంకె మీద అన్ని సెన్సార్లనూ అమర్చిపోయే కాంట్రాక్టరును నమ్మరాదు.

ఆర్-123 యంత్రాలకు ఇంకో విచిత్రం ఉన్నది. వాటి లోపలి పీడనం కొన్ని భాగాల్లో బయటి గాలి కంటె తక్కువ. చిల్లు పడితే అక్కడ గ్యాసు బయటకు రాదు, గాలే లోపలికి పోతుంది. ఆ గాలిని తోసివేసే పర్జ్ యూనిట్ రోజుకు ఎన్ని నిమిషాలు నడిచిందో ప్యానెల్‌కు కలిపితే అదే లీకు కబురు చెబుతుంది.

ప్రాణానికి సంబంధించిన లెక్క

డబ్బు నష్టం ఒక ఎత్తు, ప్రాణభయం ఒక ఎత్తు. కొత్త ఆఫీసుల్లో, ఖరీదైన ఫ్లాట్లలో వి.ఆర్.ఎఫ్. అనే ఏర్పాటు విరివిగా వస్తున్నది. మిద్దె మీది ఒక పెద్ద యంత్రం నుంచి రాగి గొట్టాల్లో గ్యాసే నేరుగా అనేక గదుల్లోకి పోతుంది. ఒక గదిలో గొట్టం తెగితే మిగతా గదులకు పంచవలసిన గ్యాసు కూడా ఆ ఒక్క గదిలోకే రావచ్చు. ఆర్-410ఎకు అంతర్జాతీయ ప్రమాణంలో పెట్టిన హద్దు ఘనపు మీటరుకు 0.44 కిలో. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు గల గదికి ఇది పన్నెండున్నర కిలోలు అవుతుంది. పెద్ద వి.ఆర్.ఎఫ్. గొట్టాల్లో అంతకు రెండు మూడు రెట్ల గ్యాసు ఉండడం విశేషం కాదు. తలుపు మూసుకుని నిద్రించే గది, లాడ్జి గది, చిన్న సర్వర్ గది ఇవే ముందుగా చూసుకోవలసినవి. గ్యాసు విషం కాకపోయినా గాలిలో ప్రాణవాయువు వాటాను తగ్గించివేస్తుంది. ఎర్రగా కాలిన లోహం మీదకు, మంట మీదకు పోతే ఘాటైన ఆమ్ల వాయువులుగా విడిపోతుంది. అందుకే బాయిలరూ, చిల్లరూ ఒకే గదిలో పెట్టడాన్ని నిపుణులు ఒప్పుకోరు. భారత ప్రమాణాల సంస్థ 2018లో ఈ విషయాలపై ఐ.ఎస్. 16678 పేరుతో నాలుగు భాగాల ప్రమాణాన్ని వెలువరించింది. భవనం కొనేవారు, కట్టేవారు ఇంజనీరును ముందుగా అడగవలసిన పుస్తకం అదే.

అబద్ధపు గంటలు

నిఘా పెట్టినవారందరూ సంతోషంగా ఉన్నారని అనుకోరాదు. చవకైన సెమీకండక్టర్ సెన్సార్లు ఎ.సి. గ్యాసుకే కాక పెయింటు వాసనకు, నేల తుడిచే మందులకు, కారు పొగకు కూడా స్పందిస్తాయి. సెల్లారులో కార్ల పార్కింగ్ పక్కనే ప్లాంటు రూము కట్టిన భవనాల్లో ఇది పెద్ద తలనొప్పి. నెలకు నాలుగుసార్లు గంట ఊరకే మోగితే ఐదోసారి కాపలావాడు దాని తీగ పీకేస్తాడు. ఆ తర్వాత నిజంగా లీకైనా చెప్పే దిక్కు ఉండదు. పరారుణ కిరణాలతో పనిచేసే సెన్సార్లకు ఖరీదు ఎక్కువే గాని ఇటువంటి పొరపాట్లు తక్కువ, మన్నిక ఎక్కువ.

ఏ రకమైనా ఏడాదికి కనీసం ఒకసారి తెలిసిన మోతాదు గ్యాసును చూపి సరిచూడాలి. తక్కెడకు తూనికల శాఖ ముద్ర వేయించుకునే వర్తకుడికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. కరెంటు పోయినప్పుడు ప్యానెల్ ఆగకుండా బ్యాటరీ ఉండాలి. అనేక కొటేషన్లలో ఈ రెండు పద్దులూ కనబడవు. ధర తక్కువగా ఉండడానికి కారణం తరచు అదే.

మరొక లోపం యంత్రానిది కాదు, ప్రకృతిది. మిద్దె మీద బయట పెట్టిన యూనిట్ నుంచి కారే గ్యాసును గాలి ఎగరేసుకుపోతుంది. ఏ సెన్సారూ దానిని పట్టుకోలేదు. గంట మోగలేదు కాబట్టి లీకు లేదనుకోవడం పొరపాటు. ఇటువంటి చోట్ల యంత్రంలోని పీడనాన్ని, ఉష్ణోగ్రతను, ద్రవ మట్టాన్ని గమనించి గ్యాసు తగ్గిన సంగతి ఊహించాలి. అన్నింటికంటె చవకైన సాధనం ఒక రిజిస్టరు. ఏ తేదీన ఏ యంత్రంలో ఎన్ని కిలోలు పోశారో, ఎన్ని కిలోలు తీశారో, సిలిండరు ముందు తూకం, తర్వాత తూకం రాస్తే ఏడాది చివర తరుగు శాతం దానంతటదే తేలుతుంది. సెన్సారు లీకు ఎక్కడో చెబుతుంది, రిజిస్టరు ఎంతో చెబుతుంది. లక్షలు పోసి మొదటిది పెట్టించి రెండోది రాయని భవనం నిఘా సగమే.

ఎవరి ఖాతా?

ఇక్కడే అసలు చిక్కు ఉన్నది. భవనం ఒకరిది, అద్దెకున్న కంపెనీ మరొకటి, యంత్రాలను నడిపేది మూడోవారు. నిర్వహణ కాంట్రాక్టు రెండు రకాలు. గ్యాసు, విడిభాగాలు సహా అన్నీ కాంట్రాక్టరే భరించే పద్ధతి ఒకటి, కూలి మాత్రమే కాంట్రాక్టరుది, సామాను యజమానిది అనే పద్ధతి ఒకటి. రెండో పద్ధతిలో గ్యాసు ఎంత కారినా కాంట్రాక్టరుకు నష్టం లేదు. సిలిండర్లు కూడా తానే సరఫరా చేస్తుంటే పైగా కొంత లాభం. ఇలాంటి ఒప్పందం కింద నిఘా యంత్రం పెట్టించి ఫలితం రాలేదనడం అన్యాయం. గంట మోగినప్పుడు పరుగెత్తవలసిన మనిషికి పరుగెత్తినందుకు ఏమీ మిగలదు. ఫలానా శాతం మించిన తరుగు కాంట్రాక్టరు ఖాతాలో అని ఒక్క వాక్యం రాసుకుంటే పరిస్థితి మారుతుంది. మిర్చి వర్తకంలో ఇది పాత అలవాటే.

అద్దెదారుల వైపు నుంచి కూడా ఒత్తిడి వస్తున్నది. సెబీ 2022-23 ఆర్థిక సంవత్సరం నుంచి మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలు పర్యావరణ వివరాల నివేదిక ఇవ్వడం తప్పనిసరి చేసింది. కంపెనీ అధీనంలోని ఎ.సి.ల నుంచి కారిన హెచ్.ఎఫ్.సి. గ్యాసు ఆ నివేదికలో దాని సొంత ఉద్గారాల కింద పడుతుంది. పై ఉదాహరణలోని 60 కిలోల ఆర్-134ఎ అంటే 85.8 టన్నులు, 180 కిలోలంటే 257 టన్నులు. యంత్రాలు యజమానివైతే లెక్క మారుతుంది కాని, లెక్క చూపమని అడగడం మానరు. హరిత భవనాల పత్రాలకూ ఇది అవసరమే. ఆ ఉద్యమానికి దేశంలో మొదటి గుర్తు హఫీజ్‌పేట్‌కు కూతవేటు దూరంలో కొత్తగూడ దగ్గరే ఉన్నది. 2004 జూలై 14న అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలామ్ ప్రారంభించిన సి.ఐ.ఐ.-సొహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ అది. అమెరికా వెలుపల లీడ్ ప్లాటినం గుర్తింపు పొందిన మొదటి భవనం కూడా అదే.

యూరప్‌లో ఈ నిఘా ఇష్టాయిష్టాల మీద వదిలిపెట్టలేదు. బొగ్గుపులుసు వాయువు లెక్కలో 500 టన్నులకు సమానమైన గ్యాసు, అనగా ఆర్-134ఎ అయితే సుమారు 350 కిలోలు, ఉన్న స్థిర ఎ.సి. యంత్రానికి స్వయంచాలక లీకు నిఘా తప్పనిసరి. అది పెట్టినవారికి మనుషులతో చేయించే తనిఖీ మూడు నెలలకు బదులు ఆరు నెలలకు ఒకసారి సరిపోతుంది.

సిలిండర్ల వ్యాపారులకు ఇది నష్టమా?

లీకులు తగ్గితే టాపప్ గ్యాసుకు గిరాకీ తగ్గుతుంది. ఏటా వేసవి ముందు వచ్చే ఆర్డర్లపై బతికే చిన్న డీలర్లకు ఇది నచ్చే మాట కాదు. అయితే కోటా కాలంలో సరకు తక్కువై ధర ఎక్కువైనప్పుడు తిరిగి సేకరించిన గ్యాసుకు విలువ వస్తుంది. పాత యంత్రం తీసేసేటప్పుడు అందులోని గ్యాసును గాలిలోకి వదిలేయకుండా రికవరీ యంత్రంతో సిలిండరులోకి పట్టి, శుద్ధి చేసి, పరీక్షించి అమ్మవచ్చు. ఆర్-22 యంత్రాలు మూలపడుతున్న నేటి రోజుల్లో ఈ వ్యాపారానికి అవకాశం ఎక్కువ.

ఇందులో కల్తీ భయం తక్కువది కాదు. 2011లో నకిలీ ఆర్-134ఎ నింపిన ఓడ కంటెయినర్ల శీతల యంత్రాలు పేలి కొన్ని దేశాల్లో కార్మికులు మరణించారు. చవకైన మిథైల్ క్లోరైడ్ కలిపిన ఆ సరకు అల్యూమినియంతో చర్య జరిపింది. మిశ్రమ గ్యాసుల్లో మోసం లేకుండానే నాణ్యత చెడే వీలున్నది. ఆర్-407సి మూడు గ్యాసుల కలయిక. లీకైనప్పుడు మూడూ ఒకే పాళ్లలో పోవు. పైన ఎంత కొత్త సరకు పోసినా లోపలి పాళ్లు సరిగా ఉండవు. ఇటువంటి యంత్రంలో నుంచి తీసిన గ్యాసును పరీక్ష లేకుండా కొనేవారు ధర ఎంత తగ్గించి అడిగినా తక్కువే.

సేకరించిన గ్యాసు కొనేటప్పుడు సిలిండరు మీద గ్యాసు పేరు, ఏ యంత్రంలో నుంచి తీసినది, ఖాళీ తూకం, నిండు తూకం రాసి ఉన్నాయో లేదో చూసుకోవాలి. వేరు వేరు గ్యాసులు ఒకే సిలిండరులో పట్టరాదు. ఒకసారి కలిసినవాటిని విడదీయడానికి కొత్త సరకు కంటె ఎక్కువ ఖర్చవుతుంది. సిలిండరును ద్రవంతో 80 శాతానికి మించి నింపరాదు. మే నెల ఎండలో లారీ మీద పడి ఉన్నప్పుడు ద్రవం పొంగడానికి ఆ ఖాళీ కావాలి.